వరద రోజుల్లో తాగునీరు: ఇంట్లో ముందే ఏం ఉంచుకోవాలి?

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్ సాగర్ మిగులు నీరు పారే నాలా పొంగి అశోక్ నగర్, దోమలగూడ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది. అలాంటప్పుడు ఇంటి చుట్టూ నీళ్లే గాని, తాగడానికి గ్లాసెడు దొరకవు. కరెంటు పోతే ఆర్.ఓ. మిషను పనిచేయదు, సంపులోకి మురుగు దిగుతుంది.

వరదే రానక్కర్లేదు. 2009 మే నెలలో, నడి వేసవిలో, చిక్కడపల్లికి దగ్గరే ఉన్న భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీరు తాగి, వాంతులు, విరేచనాలతో పలువురు చనిపోయారు. నీళ్లు వదలని వేళల్లో పైపు ఖాళీ అయి లోపల ఒత్తిడి తగ్గుతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు చిల్లు ఉంటే ఆ మురుగు లోపలికి లాగబడుతుంది. నల్లాకు మోటారు బిగించి లాగేవారు ఈ ప్రమాదాన్ని తమకూ పొరుగువారికీ పెంచుతున్నారు. నల్లా రాగానే మొదట వచ్చే నీటిని తాగడానికి పట్టకండి.

ఇక శుద్ధి చేసే పద్ధతి. మురికి నీటిని ముందుగా కదపకుండా తేరనిచ్చి, పైనీటిని నాలుగు మడతల శుభ్రమైన నూలు బట్టతో వడకట్టండి. పటిక తిప్పినా, మన పెద్దలు చేసినట్లు చిల్లగింజ అరగదీసి కలిపినా నీరు తేటబడుతుంది. అయితే తేట నీరంతా మంచినీరు కాదు. క్రిములు చావాలంటే గ్యాసు మీద తెర్లేలా కాచి, తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచాలి. గోరువెచ్చన చేసి దించితే ప్రయోజనం లేదు.

గ్యాసు లేనప్పుడు క్లోరిన్ బిళ్లలు ఆదుకుంటాయి. ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద రాసి ఉంటుంది. 20 లీటర్ల బిళ్లను బిందెలో వేయకూడదు. వేసి, కలిపి, అరగంట ఆగి తాగాలి. కొద్దిగా మందు వాసన వస్తుంది. వాసన బాగాలేదని పారబోసేవారిని చాలామందిని చూశాం, నిజానికి ఆ వాసనే మందు పనిచేస్తోందనడానికి గుర్తు! పెట్రోలు, రసాయనాలు కలిసిన నీటికి మాత్రం ఇవేవీ పనికిరావు, అలాంటి నీటిని ముట్టవద్దు.

మనిషికి రోజుకు తాగడానికి, వంటకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు లెక్కవేయండి. నలుగురున్న ఇంటికి 48 లీటర్లు, అంటే రెండు పెద్ద క్యాన్లు, పైన కొన్ని సీసాలు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఒక్కో గదికి ఒక్కటే క్యాను పెట్టుకుని చదువుకునే పిల్లలు ఈ లెక్క చూసుకోవాలి. మూత ఉన్న క్యాను, క్లోరిన్ బిళ్లలు, నూలు బట్ట, పొడుగు కాడ గరిటె, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఒకచోట సర్దండి. చేతులు ముంచి నీళ్లు తీస్తే శుద్ధి చేసినదంతా వృథా, గరిటె అందుకే.

పొట్లాలు అయిపోతే శుద్ధి చేసిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టిన చెంచాతో, కలిపి ఇవ్వండి. విరేచనాలైన పిల్లవాడి కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, దారి పొడవునా కొద్దికొద్దిగా పట్టిస్తూనే ఉండండి.