మంటగా ఉందంటే నమ్మండి

చలికాలం వచ్చిందని మన ఇళ్లలో కొబ్బరి నూనె సీసాయే చెబుతుంది. 24 డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకట్టేస్తుంది. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోయే రోజుల్లో పిల్లల చేతులు చూడండి. ముందు వేళ్ల కణుపుల మీద తెల్లగా పొట్టు లేస్తుంది. తర్వాత గరుకు తేలుతుంది, ఆపైన సన్నటి ఎర్రటి పగుళ్లు. అన్నంలో చారు కలుపుకుంటే ఉప్పూ పులుపూ తగిలి చురుక్కుమంటుంది. నాలుగేళ్ల పాప చెయ్యి వెనక్కి లాక్కుని "అమ్మా, మంట" అంటుంది.

"ఏం కాదులే, తిను" అనేస్తారు చాలామంది. ప్రేమ లేక కాదు, పని తొందర. కానీ ఆ మాటతో పాప చేతి మంట తగ్గదు. చెప్పినా లాభం లేదని మాత్రం తెలిసిపోతుంది. ఒంటి గురించి తను చెప్పిన చిన్న మాటను ఇంట్లో నమ్మారా లేదా అన్నది పిల్లలు గుర్తు పెట్టుకుంటారు. రేపు బడిలో ఎవరో గిల్లినా, పెద్దయ్యాక ఎవరో వేయకూడని చోట చెయ్యి వేసినా, ఇంటికొచ్చి చెప్పే ధైర్యం ఇలాంటి చిన్న మాటల దగ్గరే మొదలవుతుంది. అందుకే ముందు నమ్మండి, మందు తర్వాత రాయండి. "మంటగా ఉందా? ఎక్కడో వేలు పెట్టి చూపించు" అని అడగండి. అరనిమిషం పని.

ఇక చేతుల సంగతి. చలిగాలిలో తేమ తక్కువ. అది చర్మంలోని నీటిని లాగేస్తుంది. పిల్లల చర్మం పెద్దవాళ్లదానికంటే పలచన కాబట్టి ఆ నీరు ఇంకా త్వరగా పోతుంది. పైగా అరచేతుల్లో నూనె గ్రంథులు అసలే ఉండవు. చేతి వెనక భాగంలో ఉన్నవీ కొద్దే. దానికి తోడు మనం చేసేదేమిటి? చలిగా ఉందని వేడి నీళ్లు పోస్తాం, శుభ్రం కావాలని సబ్బు గట్టిగా రుద్దుతాం. ఉన్న కాస్త జిడ్డూ ఆ రెండింటితో పోతుంది. చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలకైతే ఇంట్లో హీటరు గాలి కూడా తోడవుతుంది.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. వాసన లేని మెత్తటి సబ్బు కొద్దిగా వాడండి. భోజనానికి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక చేతులు కడగడం మాత్రం మానిపించకండి. కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇంకా కాస్త తడి ఉండగానే పూత వేయాలి. అసలు కిటుకు ఇదే. ఆరిపోయిన చేతికి రాస్తే పట్టి ఉంచడానికి నీరే మిగలదు. పల్చటి లోషన్ కంటే చిక్కటి క్రీము నయం. పగుళ్లు పడ్డాక అంతకంటే పెట్రోలియం జెల్లీ నయం. 1872లో అమెరికాలో రాబర్ట్ చీస్‌బ్రో పేటెంటు తీసుకున్న వాజెలిన్ ఇప్పటికీ చవకైన, నమ్మకమైన పూతే. కొబ్బరి నూనె కూడా మంచిదే. రాత్రి దట్టంగా రాసి పలచటి నూలు మేజోళ్లు చేతులకు తొడిగితే పొద్దుటికి తేడా కనిపిస్తుంది.

ఈ పని మీరే చేసిపెట్టకండి. పాపనే చేయనివ్వండి. గడ్డకట్టిన కొబ్బరి నూనె చిన్న ముక్క అరచేతిలో పెడితే, అది తన వేడికే కరగడం చూసి పిల్లలు మురిసిపోతారు. ఒక్కో కణుపు మీద ఒక్కో చుక్క తనే పెట్టుకుని తనే రాసుకోనివ్వండి. కొంత గౌనుకు అంటుతుంది, అంటనివ్వండి. రోజూ పళ్లు తోముకున్నాక ఇదే వరస అని ఖాయం చేస్తే కొన్నాళ్లకు మీరు గుర్తు చేయక్కర్లేదు. తన ఒంటిని తను చూసుకోవడం ఉపన్యాసంతో రాదు, ఇలా చేతికి పని ఇస్తే వస్తుంది. ఇంట్లో నాన్న కూడా పక్కన కూర్చుని తన చేతులకు రాసుకుంటే ఇంకా మంచిది. పిల్లలు చూసిందే చేస్తారు.

భోగినాడు తలంటు పోసేటప్పుడు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించండి, మంచిదే. పగిలిన చేతుల మీద మాత్రం సున్నిపిండి రుద్దకండి. నిమ్మరసం అసలే వద్దు. ఆ చేతులతో గాలిపటం మాంజా పట్టుకోనివ్వకండి, పగులు తెగి గాయమవుతుంది. వేళ్లు చప్పరించే అలవాటుంటే తిట్టకుండా, తడి తుడిచి కాస్త పూత పెట్టండి. ఉమ్మి తడి ఆరిన కొద్దీ పగుళ్లు పెరుగుతాయి.

వారం పది రోజులు ఇలా చేసినా తగ్గకపోయినా, రసి కారినా, పసుపచ్చటి చెక్కు కట్టినా, మోచేతి మడతల్లో మోకాళ్ల వెనక కూడా దురద ఉన్నా డాక్టరుకు చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. డాక్టరు చెప్పకుండా అవి పసిచేతులకు రాయకండి. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు మంట ఎక్కడో, ఎప్పుడో మీరు చెప్పేయకుండా పాపనే చెప్పనివ్వండి.