గుణించడం తేలిక, విడదీయడం కష్టం

శిక్షణ తరగతుల్లో ఎన్‌క్రిప్షన్ గురించి చెప్పేటప్పుడు నేను ముందుగా బోర్డు మీద ఈ సంఖ్య రాస్తాను: 14,75,73,95,25,89,67,64,12,927. అరవై ఏడు రెండ్లను గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే.

ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ పేర్కొన్నారు. కాదని 1876లో లూకా నిరూపించినా, కారణాంకాలు దొరకలేదు. అవి 19,37,07,721, 7,61,83,82,57,287 అని 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపారు. వాటిని కనుక్కోవడానికి ఆయనకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయట. సరిచూడటానికి మాత్రం ఒక్క గుణకారం చాలు.

1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఈ తేడాయే పునాది. ఈ 21 అంకెల సంఖ్యను నేటి కంప్యూటర్ ఇట్టే విడదీస్తుంది. అందుకే ఇప్పుడు 600కు పైగా అంకెలున్న సంఖ్యలు వాడుతున్నారు.

అయితే ఖాతాదారు తన ఓటీపీని ఎవరికో చెప్పేస్తే ఏ గణితమూ కాపాడలేదు. ఆ సంగతి కౌంటర్ దగ్గర ఓపిగ్గా చెప్పాల్సింది మనమే.