పని మొదలుపెట్టే ముందే రాసుకోవాల్సిన నాలుగు మాటలు

"తమ్ముడూ, అంతా సూపర్‌గా ఉంది గానీ ఒక్క చిన్న చేంజ్." ఫ్రీలాన్స్‌గా వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాళ్లకు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ ఇది. ఒక యూట్యూబ్ ఛానల్‌కు పది నిమిషాల వీడియో ఎడిట్ చేసిస్తానని ఒప్పుకున్నారనుకుందాం. ఆ చిన్న చేంజ్‌లో ఇంట్రో మార్చడం ఉంటుంది, మ్యూజిక్ మార్చడం ఉంటుంది, పనిలో పనిగా రెండు షార్ట్స్ కట్ చేసివ్వడమూ ఉంటుంది. మర్నాడు ఇంకొకటి. వారం తిరిగేసరికి ఒప్పుకున్న పనికి రెట్టింపు చేసి ఉంటారు. డబ్బు సంగతి ఎత్తితే, "ముందు ఫైనల్ కానివ్వు తమ్ముడూ, మేమెక్కడికి పోతాం?" అంటారు.

ఇలాంటి క్లయింటును మోసగాడని తిట్టుకోవడం తేలిక. కానీ వీళ్లలో చాలామంది మోసగాళ్లు కారు. ఆ రేటుకు ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మనకు మొహమాటం. మొదటి పనులు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే వస్తాయి: కాలేజీ సీనియర్, బాబాయ్ స్నేహితుడు, ఊళ్లో ఛానల్ నడిపే అన్న. వాళ్ల దగ్గర రాతకోతలంటే నమ్మకం లేదనుకుంటారేమోనని జంకుతాం. నిజానికి చుట్టరికం చెడేది రాసుకున్నందుకు కాదు, రాసుకోకుండా చివర్లో గొడవపడినందుకే.

ఎనిమిది పేజీల అగ్రిమెంట్ అక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడుకున్న రోజే ఇలాంటి మెసేజ్ ఒకటి పంపితే చాలు:

"అన్నా, మనం అనుకున్నవి ఒకసారి రాస్తున్నాను. మీరిచ్చే ఫుటేజ్‌తో 10 నిమిషాల లోపు వీడియో ఒకటి. ఫుటేజ్ మొత్తం నాకు చేరిన రోజు నుంచి 4 రోజుల్లో ఫస్ట్ కట్. రెండు రౌండ్ల కరెక్షన్స్ ఈ రేటులోనే, ఆ తర్వాత రౌండుకు 500. షార్ట్స్, థంబ్‌నెయిల్ ఇందులో లేవు, కావాలంటే వేరే చేసిస్తాను. మొత్తం 6,000. సగం అడ్వాన్స్, మిగతాది ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు. ఓకే అయితే రిప్లై పెట్టండి, మొదలుపెడతాను."

అంకెలు మీ పనిని బట్టి మార్చుకోండి. "ఫుటేజ్ మొత్తం నాకు చేరిన రోజు నుంచి" అన్న ముక్క మాత్రం వదలకండి. సగం క్లిప్పులు సోమవారం, మిగతావి శుక్రవారం పంపి, శనివారం వీడియో ఏదని అడిగేవాళ్లు ఉంటారు. రౌండ్ అంటే ఏమిటో కూడా ముందే చెప్పండి. చూసినవాళ్లందరి అభిప్రాయాలూ ఒకే లిస్టులో, టైమ్‌తో సహా రావాలి. "2:14 దగ్గర మ్యూజిక్ తగ్గించాలి" అంటే కరెక్షన్. "ఇంకొంచెం కిక్ ఉండాలి" అంటే ఏ టైమ్ దగ్గర, ఎలాంటి వీడియోలా కావాలో అడిగి తెలుసుకున్నాకే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేయండి. ఫైనల్‌గా ఓకే చెప్పేది ఎవరో ఒక్కరి పేరు తీసుకోండి. అన్న ఓకే అన్నాక పార్ట్‌నర్ వద్దంటే అది కొత్త రౌండ్ అవుతుంది. చూడ్డానికి పంపే కాపీ తక్కువ రిజల్యూషన్‌లో, వాటర్‌మార్క్‌తో ఉండాలి. అసలు ఫైల్ బ్యాలెన్స్ అందాకే.

వాట్సాప్‌లో పెట్టిన "ఓకే"కు చట్టంలో విలువుందా అని చాలామందికి అనుమానం. ఉంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, కాకపోతే నిరూపించడం కష్టం. ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ మరో మెట్టు ముందుకెళ్లింది. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదంటుంది. అందుకే ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉన్నాయేమో చూసి ఆపేయండి. ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ మర్చిపోకండి. పెద్ద మొత్తమైతే అదే మేటర్ ఈమెయిల్‌లో కూడా పంపండి.

కొంచెం పెద్ద సంస్థ అయితే వాళ్లే ఇంగ్లిష్‌లో అగ్రిమెంట్ పంపుతారు. చదవకుండా సంతకం పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. కనీసం డబ్బు గురించిన పేరా, హక్కుల గురించిన పేరా, పని అయ్యాక మీ మీద ఉండే ఆంక్షల పేరా అక్షరం అక్షరం చదవండి. "క్లయింట్ సంతృప్తి చెందిన తర్వాత చెల్లింపు" అని ఉంటే మార్చమనండి. సంతృప్తికి తేదీ ఉండదు. ఫైల్ అందిన ఫలానా రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని రాయించుకోండి. మా పని అయిపోయాక రెండేళ్లు ఇంకే ఛానల్‌కూ చేయకూడదని ఉంటే భయపడకండి. వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఇలాంటి షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. వాళ్ల రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు వేరు, దానికి కట్టుబడాల్సిందే.

హక్కుల విషయంలో పనిని బట్టి తేడా ఉంది. వ్యాసాలు, అనువాదాలు ఫ్రీలాన్స్‌గా రాసిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ రాసినవాళ్లదే. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే క్లయింటుకు వెళ్తుంది. ఆ కాగితంలో కాలవ్యవధి లేకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వీడియోల్లో మాత్రం తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. అందుకని ఎడిటర్లు ప్రాజెక్ట్ ఫైల్ కూడా ఇవ్వాలా, ఇస్తే ఎంత అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. మీరు తయారుచేసుకున్న టెంప్లేట్లన్నీ అందులోనే ఉంటాయి.

అప్‌వర్క్ లాంటి ప్లాట్‌ఫామ్‌లలో ఈ బాధ కొంత తక్కువ. ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి మైల్‌స్టోన్ డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే ప్లాట్‌ఫామ్ దగ్గర, ఉంటుంది. పని సబ్మిట్ చేసిన 14 రోజుల్లో క్లయింట్ ఏమీ చెప్పకపోతే అదే మీకు విడుదలవుతుంది. కమీషన్ ఎందుకు, బయట డీల్ చేసుకుందాం అని మొదటి రోజే అడిగితే ఒప్పుకోకండి. ప్లాట్‌ఫామ్ రూల్స్ తప్పినట్టే కాదు, ఆ రక్షణా పోతుంది. ఫ్రీ శాంపిల్ అడిగేవాళ్లకు పాత పనులు చూపించండి. కొత్తది కావాలంటే ఒక్క నిమిషం ముక్కకు చిన్న రేటు చెప్పండి. ఆ చిన్న రేటుకే వెనకాడినవాళ్లు పెద్ద బిల్లు సరిగ్గా కడతారని నేను అనుకోను.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా డబ్బు ఆగిపోవచ్చు. ఇక్కడే మన కుర్రాళ్లకు తెలియని ఆయుధం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో మైక్రో ఎంటర్‌ప్రైజ్‌గా రిజిస్టర్ కావచ్చు. పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. సేవలు అందించే ఒంటరి ఫ్రీలాన్సర్లు కూడా అర్హులే. ఇలాంటి చిన్న సంస్థల కోసం ఉన్న 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని స్వీకరించిన 15 రోజుల్లో, రాసుకున్నా గరిష్ఠంగా 45 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. గొడవ వచ్చాక రిజిస్టర్ అయితే చిక్కులొస్తాయి కాబట్టి మొదటి పని ఒప్పుకోక ముందే చేసుకోండి. ఇన్‌వాయిస్ మీద ఆ ఉద్యమ్ నంబర్ వేయండి. కంపెనీల అకౌంట్స్ విభాగానికి దాని అర్థం బాగా తెలుసు, ఎందుకంటే మైక్రో, స్మాల్ సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును అప్పటికి ఖర్చుగా చూపించుకోనివ్వరు.

ఇన్‌వాయిస్ మొత్తంలో కొంత తగ్గించి పంపితే కంగారుపడి గొడవకు దిగకండి, అది టీడీఎస్ (మీ పేరు మీద ముందే కోసే ఆదాయపు పన్ను) కావచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ మీద జమ అయిందేమో చూసుకోండి. అక్కడ లేకపోతే అప్పుడు అడగండి.

చిన్న మొత్తమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకోవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. బాకీ వసూలుకు కోర్టుకు వెళ్లే గడువు సాధారణంగా 3 ఏళ్లు. కోపంలో క్లయింట్ పేరు, ఫొటో పెట్టి ఇన్‌స్టాలో తిట్టిపోయకండి. పరువునష్టం నోటీసు వస్తే బాకీ మాట పక్కకుపోయి మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

డబ్బు సరిగ్గా ఇస్తూనే అర్ధరాత్రి ఫోన్లతో, మాటలతో నలిపేసేవాళ్లూ ఉంటారు. ఇలాంటివాళ్ల పని మధ్యలో వదిలి మాయమవ్వకండి. చేతిలో ఉన్న వీడియో పూర్తిచేసి, "అన్నా, ఈ నెలాఖరు తర్వాత కొత్త పనులు తీసుకోలేను, ఇంకెవరినైనా చూసుకోండి" అని వారం పదిరోజుల ముందే రాయండి. కారణాలు వివరించక్కర్లేదు. ఆ మెసేజ్‌తో పాటే మిగిలిన బ్యాలెన్స్ ఇన్‌వాయిస్, వాళ్ల ఫుటేజ్ మొత్తం ఉన్న డ్రైవ్ లింక్ పంపండి. ఫుటేజ్ వాళ్లది. బాకీ ఉన్నా సరే, దాన్ని దాచిపెట్టి బేరమాడకండి. మీరు ఆపాల్సింది మీరు చేసిన ఫైనల్ ఫైల్ ఒక్కటే.