వీడర్‌కు మగా ఆడా తెలుస్తాదా? కూలి రేటు గురించి చట్టం చెప్పేది

పై వీడియోలో వరిలో కోనో వీడర్ తిప్పే పద్ధతి చూశారు కదా. ఆ రోజు కెమెరా ఆపేశాక జరిగింది ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నా.

మాది తోటపల్లి గూడూరు. ఆ రోజు మా మడిలో ఒక మగాయన, ఒక పెద్దమ్మ వీడర్లు తోశారు. సాయంత్రం ఆయనకు 600, ఆమెకు 350 ఇచ్చా. ఊళ్ళో అందరూ ఇచ్చే రేటే. ఆమె డబ్బులు కొంగున ముడేసుకుంటా, "అబ్బయ్యా, ఈ మిషనుకు మగా ఆడా తెలుస్తాదా?" అనింది. నవ్వుతానే అనింది గానీ నాకు సమాధానం దొరకలేదు. డిప్లొమాలో ఎరువుల డోసులు నేర్పారు, కూలి చట్టం ఒక్క పేజీ కూడా నేర్పలేదు. కూర్చుని చదివా.

1976 సమాన వేతన చట్టం ప్రకారం ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి ఆడ, మగ తేడాతో కూలి తగ్గించకూడదు. నైపుణ్యం, శ్రమ, బాధ్యత సమానంగా ఉన్నాయా అనేదే కొలత. మూటలు మోసే పనికి వేరే రేటు ఉండొచ్చు. వీడర్ తోయడానికి రెండు రేట్లు కుదరవు. ఇంకో ముఖ్యమైన మాట: సమానం చేస్తున్నామని చెప్పి మగవాళ్ళ కూలి తగ్గించడం కూడా తప్పే. ఈ చట్టం, 1948 కనీస వేతనాల చట్టం రెండూ 2019 వేతనాల కోడ్‌లో కలిశాయి. అందులో 3వ సెక్షన్ ఇదే చెబుతుంది.

నాట్లు గుత్తకిచ్చాం, మనకేం సంబంధం అంటారు కొందరు. గుత్త అయినా రోజు లెక్కన కనీస వేతనానికి తగ్గకూడదు. మన రాష్ట్రంలో కరువు భత్యం కలిపి ఆ రేట్లను ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో సవరిస్తారు. లేబర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. తక్కువిచ్చిన కూలి కోసం పాత చట్టంలో ఆరు నెలల్లోపే అడగాలి, కోడ్‌లో మూడేళ్ళ గడువుంది.

ఉపాధి హామీ పనికి పోయినప్పుడు ఇదే పెద్దమ్మకు మగవాళ్ళతో సమానంగా రేటు కట్టారు. నా గెనిమ దాటి మడిలో దిగేసరికి మగవాళ్ళ కంటే తక్కువైపోయింది. ఇది మన ప్రాంతానికి కొత్త గొడవ కూడా కాదు. పెన్నకు అవతల అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు 1930లలోనే సొంతూళ్ళో వ్యవసాయ కూలీలను కూడగట్టారు.

మనం కలుపు మందు కొట్టం. ఆ పనంతా మనుషుల చేతుల మీద, ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద నడుస్తుంది. మందు ఖర్చు మిగిలిందని మనం వీడియోల్లో చెప్పుకునే లెక్కలో కొంత వాళ్ళ కూలిలోంచి మిగిలిందే. నేనూ అలాగే చెప్పుకున్నా.

ఈ సీజన్ నుంచి వీడర్‌కు ఎవరికైనా 600 ఇస్తున్నా. ఎకరాకు ఇద్దరు ఆడవాళ్ళు, రెండుసార్లు తిప్పడం అనుకుంటే 1,000 రూపాయలు పెరిగింది. బియ్యంగా అమ్మితే కిలోకు రూపాయి కూడా పడలేదు. రేటు చెడగొడుతున్నావని పక్క రైతులు రెండు రోజులు మాట్లాడలేదు. రొయ్యల గుంటల పనికి మనుషులు పోతున్న ఈ రోజుల్లో నాకు మాత్రం కలుపు వేళకు మనుషులు దొరికారు. నోటుబుక్కులో పేరు, పని, రోజు, ఇచ్చిన డబ్బు రాసి సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నా.

పెద్దమ్మ ఈసారీ వచ్చింది. వీడర్‌కు గ్రీజు పెట్టలేదని తిట్టింది.