కొత్తగా కారు కొన్న మేనల్లుడికి

విజయవాడ

శ్రీనూ,

నువ్వు కొన్న సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్‌ను సర్వీసుకిస్తే 22,000 ఎస్టిమేటు ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. ఆ కాగితం నాకూ వాట్సాప్‌లో పంపింది. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, బ్రేక్ ప్యాడ్లు అవసరమైనవే. వాటి కింద రాసిన ఇంజిన్ ఫ్లషింగ్, డీకార్బనైజేషన్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, హెడ్‌లైట్ పాలిష్ దగ్గరే బిల్లు సగానికి సగం పెరిగింది. బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తియ్యి. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏ పని చెయ్యాలో అందులో పట్టిక ఉంటుంది. అది సర్వీస్ అడ్వైజర్ ముందు పెట్టి "ఇందులో ఉన్నవి చెయ్యండి, మిగతావి వద్దు" అను. మొహమాటపడకు. అదనంగా ఏదైనా చెయ్యాల్సి వస్తే ముందు ఫోన్ చేసి అడగమని జాబ్‌కార్డు మీద రాయించు. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమని కూడా అక్కడే రాయించు. పాతది తిరిగి అడిగే మనిషి బండిలో మార్చకుండానే మార్చామని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇంకో సంగతి. గ్యారేజీకి వెళ్ళి పార్టు పేరు నువ్వు చెప్పకు. ఆటోనగర్‌లో నా స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర తరచూ చూసేది ఇదే. ఒకాయన వచ్చి ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ ఇమ్మంటాడు. ఎందుకండీ అంటే, గుంతలో పడ్డప్పుడు టకటకమంటోంది, పక్కింటాయన షాకులే పోయాయన్నాడు అంటాడు. ఆ శబ్దం చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్డుది. బుష్ అరిగి, చేత్తో పట్టుకుని ఊపితేనే కదులుతుంది. వందల్లో తేలిపోయే పని. షాకులైతే వేలల్లో మాట. పైగా అవి మార్చినా శబ్దం అలాగే ఉంటుంది. అందుకని నువ్వు లక్షణం ఒక్కటే చెప్పు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బ్రేకు తొక్కితేనా, స్టీరింగు తిప్పితేనా? ఎంత స్పీడులో? వీలైతే ఫోన్లో రికార్డు చెయ్యి. మెకానిక్‌ను పక్కన కూచోబెట్టుకుని ఆ శబ్దం వచ్చే రోడ్డు మీద ఒక రౌండు తిప్పు. ఆ పది నిమిషాలు చాలా డబ్బు ఆదా చేస్తాయి.

నీ బండికి వారంటీ అయిపోయింది కనుక కంపెనీ వర్క్‌షాపే గతి అనుకోకు. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారని కాంపిటిషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్ళు నడిచాయనుకో, కానీ మంచి బయటి గ్యారేజీకి వెళ్ళడం తప్పేమీ కాదు. పైగా కార్ల కంపెనీ అన్ని పార్టులూ తనే తయారు చెయ్యదు. బాష్, వేలియో, లూకాస్ టీవీఎస్ లాంటి వాళ్ళు చేసిస్తారు. వాళ్ళ సరుకు వాళ్ళ సొంత పెట్టెలో కూడా బజార్లో దొరుకుతుంది, సాధారణంగా తక్కువ ధరకే. పెట్టె మీద ఎంఆర్‌పీ, పార్టు నంబరు చూసుకుని, బిల్లు తీసుకో. బ్రేకులు, స్టీరింగు, టైర్ల దగ్గర మాత్రం ఎంత చవకైనా ఊరూపేరూ లేని సరుకు జోలికి పోకు.

పొదుపు చెయ్యకూడనిది కూలెంటు దగ్గర. రేడియేటర్లో బోరు నీళ్ళు పోసి నడిపే బండ్లు ఎన్నో చూశాను. మూత తీస్తే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు, లోపలంతా తుప్పూ గారా. ఆ గార గొట్టాలకు అడ్డుపడి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇంజిన్ వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆయిలు మారిస్తే సరిపోయే సర్వీసు కాస్తా ఇంజిన్ విప్పే పని అవుతుంది. మాన్యువల్లో చెప్పిన కూలెంటే పొయ్యి. మీటరు మీద వేడి గుర్తు ఎర్రగా వెలిగితే ఇల్లు కిలోమీటరు దూరంలోనే ఉన్నా ఆగు. ఇంజిన్ ఆపు. చల్లారేదాకా మూత ముట్టుకోకు. అలాగే బ్రేకు కీచుమని అరిస్తే ప్యాడ్లు వెంటనే చూపించి, అరిగితే మార్చు. నెల ఆగితే డిస్కులూ మార్చాల్సి రావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం వాన. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ అంతా మునిగింది నీకు తెలుసు. నీళ్ళు తీశాక బండ్లు ఆటోనగర్‌కు వరుస కట్టాయి. నీళ్ళలో నిలబడ్డ బండికి తాళం తిప్పడం కంటే ఖరీదైన తప్పు లేదు. గాలి పోవాల్సిన దారిలో నీళ్ళు సిలిండర్లోకి వెళతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్ళను నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరదకు ఇన్సూరెన్స్ ఉంది కదా అంటావు. స్టార్ట్ చెయ్యడం వల్ల పోయిన ఇంజిన్‌కు మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. నువ్వుండే హైదరాబాదులో గంట వానకే అండర్‌పాస్‌లు నిండుతాయి. బండి మునిగితే తాళం తిప్పకు, బ్యాటరీ వైరు తీసేసి టోయింగ్‌కు ఫోన్ చెయ్యి.

పాలసీ అంటే గుర్తొచ్చింది. ఆర్సీ నీ పేరు మీదకు మారితే సరిపోదు, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకు మార్పించుకోవాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, నీకు రాదు. నీది మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం తగ్గింపుతో మొదలై, అయిదేళ్ళకు 50 శాతం అవుతుంది. అందుకే బంపర్ గీతలకు క్లెయిమ్ పెట్టకు. జీరో డెప్ అనే అదనపు కవరు లేకపోతే ప్లాస్టిక్ పార్టుల ధరలో సగం ఎలాగూ నీ జేబులోంచే పోతుంది, బోనసూ పోతుంది.

ఈ ఆదివారం పాలసీ కాగితం తీసి పేరు ఎవరిదుందో, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి. వానలు మొదలయ్యేలోపు ఈ రెండు పనులూ అయిపోవాలి.

ఇట్లు,
మీ మామయ్య