పట్టు లేని బండి

నెల్లికుదురు

చిరంజీవి అల్లునికి, మీ మామ దీవించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఆరేండ్లు ఓడల మీద తిరిగినంక ఇప్పుడు నీకు ఇంగ్లండులో ప్రయాణికుల హోవర్‌క్రాఫ్ట్ నడిపే ట్రైనింగుకు పిలుపొచ్చిందట. సంతోషంగానే చెప్పింది గానీ, "అన్నా, అది ఓడనా, విమానమా? ఎవలన్న అడిగితే ఏమని చెప్పాలె?" అన్నది. ఆమెను అనేదేముంది, కనిపెట్టిన దేశంలోనే మొదట్లో తేల్చుకోలేకపోయిన్రు. నడిపేటోన్ని పైలట్ అన్నరు, ట్రిప్పును ఫ్లైట్ అన్నరు. నువ్వు నడపబోయే, సౌత్‌సీ నుంచి రైడ్ దాకా 1965 నుంచి తిరుగుతున్న సర్వీసులో ఇప్పటికీ ఫ్లైట్ అనే అంటరు.

నేను చదివింది తక్కువ. లాంచీ సరంగును. నాగార్జునసాగర్ కట్ట కడుతున్న రోజుల్లో మా నాయన అక్కడికి కూలికి పోయిండు. కట్ట లేచింది, నీళ్లు నిండినయి, నేను ఆ కృష్ణ నీళ్ల మీదనే బతుకుదెరువు చూసుకున్న. "నెల్లికుదురోనికి చెరువు తప్ప నీళ్లేం తెలుసు" అని రేవులో నవ్వెటోళ్లు. అందుకే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు కొంత ఉన్నదనుకుంట. మిగిలింది నువ్వు పోయినేడు ఇంట్లో వదిలిపెట్టిన హోవర్‌క్రాఫ్ట్ పుస్తకం పుణ్యం.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది హోవర్‌క్రాఫ్ట్ కనిపెట్టిన కాకరెల్ ముచ్చట. 1955లో కాఫీ డబ్బాలో పిల్లి తిండి డబ్బా ఇమిడ్చి, ఆ రెండింటి నడిమి సందులోంచి గాలి ఊది, కింద తక్కెడ పెట్టి ఎంత ఒత్తిడి పడుతుందో తూచిండట. నాలుగేండ్లకు, 1959 జూలై 25న, ఆయన బండి ఇంగ్లిష్ చానల్ దాటింది. ఖాళీ డబ్బాలతో మొదలైన పని 418 మందిని, 60 కార్లను ఒక్కసారి మోసే దాకా పోయింది. ఆ పెద్ద బండ్లు 2000 అక్టోబరు 1న ఆగిపోయినయి. నీకిచ్చేది 80 మంది లోపు ఎక్కే బండి. అదే మేలు.

ఇప్పుడు అసలు సంగతి. మన పొలంలో కేజ్‌వీల్ ట్రాక్టర్ చూసినవు గదా, బురదను కొరుక్కుంట పోతది. నా లాంచీ కడుపు నీళ్లలో ఉంటది, నీళ్లే దాన్ని రెండు దిక్కుల పట్టుకుంటయి. నీ బండికి ఆ పట్టు లేదు. ఫ్యాన్లు కిందికి గాలి ఊదుతయి, రబ్బరు స్కర్టు ఆ గాలిని ఆపుతది, బండి దాని మీద తేలుతది. దేన్నీ పట్టుకోదు కాబట్టే జోరుగా పోతది, దేన్నీ పట్టుకోదు కాబట్టే పక్కగాలి తోసిన దిక్కు జారుతది. ముక్కు ఒక దిక్కు, పోత ఒక దిక్కు. బ్రేకు లేదు. ప్రొపెల్లర్ తోపును ఎదురు దిక్కుకు మార్చాలె, లేదా కిందిగాలి తగ్గించి నీళ్ల మీద కూసోబెట్టాలె. జోరు మీద ముందరి స్కర్టు నీళ్లలో చిక్కితే ముక్కు కిందికి గుంజుతది, లోపలోళ్లంత ముందుకు పడ్తరు. 1972 మార్చి 4న నువ్వు నడపబోయే ఆ సౌత్‌సీ ఒడ్డు దగ్గరనే, ఒడ్డు కనబడుతుండగనే, ఈదురుగాలికి ఒక బండి బోల్తాపడి ఐదుగురు పోయిన్రు. 1985 మార్చి 30న డోవర్‌లో ఒకటి గాలికి జారి రేవు గోడకు కొట్టుకుంటే నలుగురు. రెండూ నడిసముద్రంలో కాదు, ఒడ్డు పక్కన. ఈ మాట గుర్తుపెట్టుకో.

జపాన్‌లో ఒయిటా అనే ఊరున్నది. అక్కడ విమానాశ్రయానికి పోయే హోవర్‌క్రాఫ్ట్ 2009లో ఆగిపోయింది. మళ్లీ తెచ్చిన్రు గానీ, ట్రైనింగులోనే బండ్లు దెబ్బతిని, మొదలుపెట్టుడు వెనుకకు వెనుకకు జరిగి, చివరికి 2025 జూలైలో నడిచింది. ఆలస్యమైందని తిట్టినోళ్లు ఉండే ఉంటరు. నేనైతే ఆ ఊరి టికెట్ కొని ధైర్యంగ ఎక్కుత.

నీకు ఎవరికీ చెప్పని ఒకటి చెప్త. ఏ రేవో, ఏ ఏడో రాయను. కార్తీకమాసం, ఆదివారం. లాంచీలో ఎంతమంది పట్టాలో అంతమంది కూసున్నరు. తాడు ఇప్పబోతుంటే ఒక పెద్దమనిషి చుట్టాలు పందొమ్మిది మంది దిగిన్రు. టికెట్ల కాడి మనిషి "ఎక్కించు" అన్నడు. కాదన్న, మెల్లగ అన్న. "రేపటి నుంచి నువ్వెందుకు మరి" అన్నడు. ఎక్కించిన. నడిమధ్యకు పోయినంక ఎవడో "మొసలి!" అని కేకేసిండు. అందరూ ఎడమ దిక్కుకు ఉరికిన్రు. లాంచీ ఒరిగింది. అంచు దాటి వచ్చిన నీళ్లు ఒక ముసలమ్మ కాళ్లు తడిపినయి. నాకు గొంతు పెగల్లేదు. కళాసి పిల్లగాడు అరుసుకుంట, తోసుకుంట వాళ్లను నడిమికి తెచ్చిండు. నేను ఇంజన్ తగ్గించి స్టీరింగ్ పట్టుకొని నిలవడ్డ, అంతే. ఆ రోజు ఏం కాలేదు. ఏం కాలేదు కాబట్టి ఏ కాయితం మీదా లేదు. సాయంత్రం ఆ పెద్దమనిషి నా చేతిలో వంద రూపాయలు పెట్టిండు. తీసుకున్న.

కచ్చులూరు జరిగిన రోజు నాకు ఆ వంద రూపాయలే యాదికొచ్చినయి. 2019 సెప్టెంబరు 15. గోదావరి వరద మీదున్నది. పాపికొండలు చూద్దామని పోతున్న పడవ మునిగితే 51 మంది పోయిన్రు. మన ఓరుగల్లు పక్కన కడిపికొండ నుంచే 14 మంది పోతే సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ పడవను బయటికి తీయడానికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం మనుషులు అక్టోబరు 22 దాకా తంటాలు పడ్డరు. దానికి ఏడాది నాలుగు నెలల ముందు, 2018 మే 15న గోదావరి మీదనే మంటూరు కాడ గాలివాన వస్తదని లాంచీ తలుపులు మూసుకున్నరు. లాంచీలో సిమెంటు బస్తాలు కూడా ఉండె. బోల్తాపడినంక మూసిన తలుపులు తెరుచుకోలే. కచ్చులూరు తర్వాత ఆంధ్రలో రేవుల కాడ 9 కంట్రోల్ రూములు పెట్టిన్రు. మంచి పని. కానీ తాడు ఇప్పేది కంట్రోల్ రూము కాదు, నువ్వు.

కెప్టెన్ అంటే స్టీరింగ్ పట్టుకునేటోడని లోకం అనుకుంటది. స్టీరింగ్ ఆరు నెలల్లో వస్తది. "ఇయ్యాల పోదు" అని ఒడ్డు మీద నిలబడి చెప్పుడు నాకు ముప్పై ఏండ్లకు గానీ రాలేదు. నీకు ఒక సులువున్నది. మీ లోకంలో ఆ మాట రాసిపెట్టిన్రు. ఏ బండి, ఏ దారి అని పేరుపెట్టి టైప్ రేటింగ్ ఇస్తరు, రెండేండ్లకొకసారి మళ్లీ పరీక్ష పెడ్తరు. అల ఎంత ఎత్తుంటే ఆపాలో, గాలి ఎంతుంటే ఆపాలో ముందే లెక్క కట్టి ఉంటది. పరీక్ష పెట్టినప్పుడల్ల అవమానం అనుకోకు. ఆ లెక్కే నీ ముందర నిలబడే పెద్దమనిషికి జవాబు. నాకు అట్లాంటి కాయితం చేతిలో లేదు. ఉన్నా ఆ రోజు తీసి చూపెట్టేటోన్నో లేదో.

ఇంకొకటి. నీది పది నిమిషాల దారి. పది నిమిషాలే గదా అనే మాట మంచిది కాదు. రోజుకు ఎన్నోసార్లు పోయి వస్తవు, పొద్దటి గాలి వేరు, మాపటి గాలి వేరు. పొద్దున స్కర్టు చూసే పిల్లగాడు "ఇక్కడ కొద్దిగ చిరిగింది సార్" అంటే నువ్వు పోయి వంగి చూడు, అక్కడి నుంచి అడుగకు. ఎక్కినోళ్లు ఎట్ల కూసున్నరో చూడు, బరువు ముందుకు పడితే నా లాంచీ నాకు చెప్పినదానికంటే నీ బండి నీకు తొందరగ చెప్తది. లైఫ్ జాకెట్ ముచ్చట చెప్పేటప్పుడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పకు. వెనక సీట్లో పసిపిల్లతో కూసున్న తల్లి మొఖం చూసి చెప్పు, మిగిలినోళ్లు వింటరు.

మన ఊర్లోళ్లు నిన్ను ఒకటి తప్పక అడుగుతరు. 2023 జూలైలో మోరంచపల్లి మునిగినప్పుడు జనం డాబాలెక్కి హెలికాప్టర్ కోసం చూసిన్రు. 2024 సెప్టెంబరు 1న మన మండలంలనే రావిరాల మునిగింది, కేసముద్రం దిక్కు రైలు పట్టాల కింది మట్టి కొట్టుకపోయింది. "నీ బండి ఉంటే అందర్నీ తెచ్చెటోడివా?" అంటరు. గొప్పకు పోయి అవునని అనకు. బురద మీద, మోకాలిలోతు నీళ్ల మీద చిన్న హోవర్‌క్రాఫ్ట్ బాగనే పోతది, నిజమే. కానీ మన వరదలో కరెంటు తీగలుంటయి, తుమ్మచెట్లుంటయి, పొలాల చుట్టూ ముళ్లకంచెలుంటయి. స్కర్టు చింపే సామానంత అదే. ప్రయాణికుల బండి ఆ పనికి పుట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నిన్ను ఎవరూ తక్కువ చూడరు.

ట్రైనింగు మొదలైనంక నీకు ఒక పుస్తకం ఇస్తరు, ఆ దారి మీద ఎంత గాలిలో ఆపాలో అందులో ఉంటది. ఆ పేజీ జిరాక్స్ తీసి పంపు. ఆ నంబరు ఎంతో, దాని కింద ఆపాలని సంతకం పెట్టేది కెప్టెనా, ఆఫీసోళ్లా, నాకు చూడాలని ఉన్నది.

ఇట్లు,
మీ మామ