సుత్తులు వినిపించని వాద్యం

పాశ్చాత్య వాద్యాలలో పియానోది విచిత్రమైన స్థితి. లోపల చూస్తే అది రెండు వందలకు పైగా తీగలు బిగించిన తంత్రీవాద్యం. పనిచేసే తీరు చూస్తే దెబ్బతో మోగే వాద్యం. దానికి 88 మెట్లు ఉంటాయి. వాటిలో తెల్లవి 52, నల్లవి 36. ఒక మెట్టును నొక్కగానే, ఉన్నిని దట్టంగా ఒత్తి తొడిగిన చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి, వెంటనే వెనుకకు పడుతుంది. దెబ్బ తగిలిన ఆ క్షణం నుండే నాదం క్షీణించడం మొదలవుతుంది. వైణికుడు తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపగలడు, గమకం పలికించగలడు. వయొలిన్ విద్వాంసుడు కమానుతో నాదాన్ని పెంచనూ గలడు, తగ్గించనూ గలడు. పియానో వాదకునికి ఆ భాగ్యం లేదు. పుట్టిన స్వరాన్ని కొంతసేపు బతకనివ్వడం, లేదా ఆపివేయడం, ఈ రెండే అతని చేతిలో ఉన్నవి.

ఇటువంటి వాద్యాన్ని నీరుగా ప్రవహించమని, మంచుగా కమ్ముకోమని, వెన్నెలగా పరచుకోమని కోరినవారు ఫ్రాన్సు దేశపు స్వరకర్తలు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దం నుండి మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వరకు వారు ఒంటరి పియానో కోసం రచించిన సంగీతానికి ‘ఇంప్రెషనిస్టు సంగీతం’ అనే పేరు స్థిరపడింది. వారిలో అగ్రగణ్యులు ఇద్దరు: క్లోద్ దెబుస్సీ, మోరిస్ రవెల్.

పేరు చిత్రకళ నుండి అరువు వచ్చింది. 1874లో పారిస్‌లో కొందరు యువ చిత్రకారులు స్వతంత్రంగా ఒక ప్రదర్శన నిర్వహించారు. అందులో క్లోద్ మోనే వేసిన ఒక చిత్రంలో ల హావ్ర్ రేవు మీద పొగమంచు, ఎర్రని ఉదయసూర్యుడు, నీటిమీద నాలుగు కుంచె గీతలు తప్ప స్పష్టమైన ఆకారమంటూ లేదు. దానికి ఆయన ‘ఇంప్రెషన్’ అనే మాటతో పేరు పెట్టాడు. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ మాటను పట్టుకొని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళే తరువాత ఉద్యమానికి పేరయింది. సంగీతానికి కూడా ఈ మాటను తగిలించడం దెబుస్సీకి బొత్తిగా నచ్చలేదు. అయితే లోకం ఇచ్చిన పేరును మార్చుకోవడం ఎవరి తరమూ కాదు.

దెబుస్సీ 1862 ఆగస్టు 22న పారిస్ సమీపంలోని సాఁ జెర్మెఁ-అఁ-లే అనే ఊరిలో జన్మించాడు. తండ్రిది పింగాణీ పాత్రల దుకాణం. ఇంట సంగీత వారసత్వం లేదు. అయినా పదేళ్ళ వయసులో, 1872లో, ఆ బాలునికి పారిస్ కన్సర్వేటరీలో ప్రవేశం లభించింది. అక్కడి శాస్త్రం కఠినమైనది. ఒక స్వరసమూహం తరువాత ఏ స్వరసమూహం రావాలి, అపస్వరంగా తోచేది ఏ విధంగా సుస్వరంలోకి దిగాలి అన్నదంతా సూత్రబద్ధం. రెండు స్వరాలు పంచమ దూరంలో ఉంటూ జంటగా కదలడం అక్కడ నిషిద్ధం. దెబుస్సీ తన రచనలలో చేసినది సరిగా ఆ నిషిద్ధ కార్యమే. స్వరసమూహాలను పైకీ కిందికీ కలసికట్టుగా జరిపాడు. వ్యాకరణం చదువుకోనివాడు దాన్ని ఉల్లంఘిస్తే అది తప్పు. అందులో ఉత్తీర్ణుడై, 1884లో ‘రోమ్ బహుమతి’ పొందినవాడు ఉల్లంఘిస్తే, అది కవిప్రయోగమో తప్పో తేల్చుకోవలసిన భారం వ్యాకర్తల మీద పడుతుంది.

1889లో ఫ్రెంచి విప్లవ శతజయంతి సందర్భంగా పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన జావా ద్వీపపు గమెలాన్ బృందాన్ని విన్నాడు. కంచు గంటలు, లోహపు పలకలు వేరువేరు లయలలో మోగుతూ ఒకదానిపై మరొకటి పొరలుగా పేరుకునే సంగీతం అది. అందులో స్వరసమూహాలు ఒక గమ్యం వైపు పరుగెత్తవు. నాదం ఉన్నచోటనే ఉండి మెరుస్తుంది. 1903లో వెలువడిన ‘ఎస్తాంప్’ అనే మూడు రచనల సంపుటిలోని మొదటిది, ‘పాగోడ్’, ఆ అనుభవానికి పియానో మీద దొరికిన రూపం. అయిదు స్వరాల మూర్ఛనలు పై స్థాయిలో గలగలలాడుతుండగా కింద ఎక్కడో పెద్ద గంట మోగినట్లు ఒక మంద్రస్వరం నిలిచి ఉంటుంది.

స్వరాల ఎంపికలో దెబుస్సీ చేసిన మరొక ప్రయోగం కర్ణాటక సంగీత పరిచయం ఉన్నవారికి సులభంగా బోధపడుతుంది. 62వ మేళకర్త ఋషభప్రియలో పంచమాన్ని తొలగిస్తే ఆరు స్వరాలు మిగులుతాయి. ఆ ఆరింటి మధ్య దూరాలన్నీ సమానం. పాశ్చాత్యులు దీనిని పూర్ణాంతర స్వరశ్రేణి అంటారు. మోహన రాగంలో ఒక్కొక్క స్వరాన్ని షడ్జంగా భావించి గ్రహభేదం చేస్తూ పోతే మధ్యమావతి, హిందోళం వంటి వేరువేరు రాగాలు పుడతాయి. ఈ ఆరు స్వరాల శ్రేణిలో ఏ స్వరాన్ని షడ్జం చేసుకున్నా మళ్ళీ అదే శ్రేణి వస్తుంది. అన్నీ సమదూరాలే కనుక ఏ స్వరమూ ఇల్లు కాదు, ఏ స్వరమూ పొరుగూరు కాదు. వినేవానికి కాలికింద నేల ఉండదు. ‘వ్వాల్’ అనే రచన దాదాపు అంతా ఈ శ్రేణిలోనే సాగుతుంది. ఫ్రెంచిలో ఆ మాటకు తెరచాపలనీ, మేలిముసుగులనీ రెండర్థాలు. నడుమ కొద్దిసేపు మాత్రం నల్లమెట్ల అయిదు స్వరాలు గాలివాటులా లేచి వస్తాయి. మోహనంలోని అయిదు స్వరస్థానాలు నల్లమెట్ల మీద దొరుకుతాయన్నది హార్మోనియం ముందు కూర్చున్న ప్రతి విద్యార్థికీ తెలిసినదే. ఈ మార్పులన్నింటి కింద ఒకే ఒక మంద్రస్వరం, లంగరు వేసినట్లుగా, చివరిదాకా మోగుతూ ఉంటుంది.

ఈ రచన 1909, 1910 సంవత్సరాలలో దెబుస్సీ కూర్చిన ‘ప్రెల్యూడ్’ల మొదటి సంపుటిలోనిది. 1913లో రెండవ సంపుటి వెలువడింది. ఒక్కొక్కదానిలో పన్నెండు, వెరసి ఇరవై నాలుగు. వీటి ముద్రణలో ఒక విశేషం ఉంది. రచన పేరు పుటకు పైన ఉండదు. సంగీతమంతా ముగిసిన తరువాత చివరి పంక్తి కింద, చిన్న అక్షరాలలో, మూడు చుక్కల వెనుక కనబడుతుంది. వాదకుడు ముందు నాదాన్ని అనుభవించాలి, ఆ పిమ్మటనే పేరు చదవాలి. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి వాచ్యార్థం కంటే వ్యంగ్యార్థమే ప్రాణం. దెబుస్సీకి ఆ సిద్ధాంతంతో పరిచయం ఉందనడానికి ఆధారం లేదు. కానీ పేరును చివరకు నెట్టడంలోని ఆలోచన మాత్రం ఆ దారిలోనిదే.

రెండవ సంపుటిలోని ఒక ప్రెల్యూడ్‌కు భారతదేశంతో సంబంధం ఉంది. ‘వెన్నెల కొలువుల మేడ’ అని దాని పేరును తెలుగు చేసుకోవచ్చు. 1911 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అయిదవ జార్జి దర్బారును గురించి ఒక ఫ్రెంచి పత్రికలో ప్రచురితమైన లేఖల నుండి దెబుస్సీ ఈ మాటను గ్రహించాడని చెబుతారు. ఇందులో మన రాగమేదీ వినిపించదు. ఫ్రెంచి పిల్లలు పాడుకొనే ఒక వెన్నెల పాట ఛాయ మాత్రం ఆరంభంలో లీలగా తోస్తుంది. దూరదేశపు వార్తలో కంటబడిన ఒక్క మాటనుండి ఆయన తన దేశపు వెన్నెలనే సృష్టించుకున్నాడు.

వినడానికి ఇంత తేలికగా తోచే ఈ సంగీతాన్ని వాయించడం బహు కష్టం. బలంగా కొట్టడం ఎవరైనా నేర్చుకోగలరు. సుత్తి తీగను తాకీ తాకనంత మెల్లగా, అయినా స్వరం తప్పక పలికేంత నిశ్చయంగా మెట్టును దించడం ఏళ్ళ తరబడి సాధన చేసినా కొందరికే పట్టుబడుతుంది. ఒకేసారి ఆరు స్వరాలు మోగవలసిన చోట ఒకటి గానంగా పైకి వినిపించాలి, రెండు దాని నీడలు కావాలి, మిగిలినవి ఉన్నాయో లేవో అనిపించాలి. అంటే ఒకే చేతిలోని అయిదు వేళ్ళకూ అయిదు రకాల బరువులు ఉండాలన్నమాట. పియానోకు సుత్తులున్నాయన్న సంగతిని వినేవారు మరచిపోవాలని దెబుస్సీ కోరుకొనేవాడు. ఆయన ఇంట ఉన్న బ్లూత్‌నర్ పియానోలో, పై స్థాయి స్వరాలకు, సుత్తి తాకని తీగ ఒకటి అదనంగా ఉండేది. పక్క తీగల కంపనానికి అది తనంతట తానే మోగుతుంది. సితారులోని తరఫ్ తీగలు చేసే పని కూడా ఇదే.

కాళ్ళ పని చేతుల పనికంటె సూక్ష్మం. కుడి పెడల్‌ను తొక్కితే తీగలను అణచి ఉంచే మెత్తలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. చేయి తీసినా నాదం నిలుస్తుంది. కింద ఒక స్వరాన్ని మోగనిచ్చి, పైన నాలుగు సార్లు స్వరసమూహం మార్చవలసి వచ్చినప్పుడే చిక్కు వచ్చి పడుతుంది. పెడల్‌ను అలాగే ఉంచితే పైవన్నీ కలగాపులగమవుతాయి. వదిలితే కింది స్వరం చచ్చిపోతుంది. అందుకని వాదకుడు దానిని సగమో, పాతికవంతో మాత్రమే వదిలి, పలుచని పై తీగలను అణచి, బరువైన మంద్రతీగను బతికించాలి. ఎంత వదలాలన్నది ఏ స్వరలిపీ చెప్పదు. దెబుస్సీ తన రచనలలో పెడల్ గుర్తులు చాలా అరుదుగా వేశాడు. పియానో మారితే, గది మారితే, ఆ కొలత మారుతుంది. వాదకుని చెవియే ఇక్కడ గురువు.

స్వరలిపి చాలని సందర్భానికి మరొక నిదర్శనం ‘మునిగిన దేవాలయం’ అనే ప్రెల్యూడ్. బ్రిటనీ తీరంలో ‘ఈస్’ అనే నగరాన్ని సముద్రం ముంచివేసిందని, అప్పుడప్పుడు ఉషఃకాలంలో దాని దేవాలయం గంటలతో, ప్రార్థనాగీతాలతో నీటిపైకి తేలి తిరిగి మునుగుతుందని ఐతిహ్యం. ద్వారక కథ తెలిసిన మనకు ఇది కొత్తగా తోచదు. అచ్చయిన ప్రతిని యథాతథంగా అనుసరించినవారు ఇందులోని కొన్ని భాగాలను మిక్కిలి నెమ్మదిగా వాయిస్తూ వచ్చారు. కానీ 1913 ప్రాంతంలో దెబుస్సీ స్వయంగా వెల్టె సంస్థ కోసం వాయించగా రంధ్రాల కాగితపు చుట్టపై నమోదైన ప్రతిలో ఆ భాగాలు రెట్టింపు వేగంతో ఉన్నాయి. గతిమార్పును తెలిపే సూచన అచ్చులో లేకపోవడమే ఇందుకు కారణం. అచ్చుపుటకూ, స్వరకర్త వేళ్ళకూ నడుమ ఇంత దూరం ఉండగలదు.

కష్టమంతా వేగంలోనే ఉందనుకొనేవారికి ‘మంచుమీద అడుగులు’ తగిన జవాబు. దానిలోని స్వరాలను కొద్దిపాటి శిక్షణ ఉన్న విద్యార్థి కూడా నొక్కగలడు. కుంటుతున్నట్లు సాగే ఒక చిన్న స్వరాల జంట మొదటినుండి చివరివరకు ఆగకుండా తిరిగి వస్తుంది. ఆ రెండు పుటలలోని ఒంటరితనాన్ని తెంచకుండా నడిపించడం మాత్రం పెద్దవారికే కష్టం.

రవెల్ మార్గం వేరు. 1875లో స్పెయిన్ సరిహద్దు దగ్గరి సిబూర్ గ్రామంలో జన్మించిన ఈయన, నగిషీ పనివాని వంటి కచ్చితత్వం గల శిల్పి. 1901లో రచించిన ‘జ దో’, అనగా నీటి ఆటలు, ఫౌంటెను తుంపరలను వేళ్ళ చివరలకు తెచ్చింది. ఆ కొత్త పోకడకు మూలపురుషుడు దెబుస్సీయేనని భావించిన ఒక విమర్శకునికి 1906లో రవెల్ లేఖ రాసి, తన రచన వెలువడేనాటికి దెబుస్సీ పియానో రచనలలో అటువంటిది లేదని గుర్తుచేశాడు. ఆ మాటలో న్యాయం ఉంది.

1908లో ఆయన ‘గస్పార్ ద లా న్వీ’ని పూర్తిచేశాడు. అలోయిజియూస్ బెర్త్రాఁ వచనకవితలు మూడు దీనికి ఆధారం. రష్యా స్వరకర్త బాలకిరెవ్ రచించిన ‘ఇస్లామే’ అప్పటికి అత్యంత కఠినమని పేరుపడింది. దానిని మించిన కష్టాన్ని సృష్టించాలన్నది రవెల్ పట్టుదల. మొదటి భాగంలో ఒక జలకన్య మానవుణ్ణి తన నీటి మేడకు రమ్మని వేడుకుంటుంది, కాదనిపించుకొని, కొన్ని కన్నీళ్ళు రాల్చి, ఫక్కున నవ్వి మాయమవుతుంది. కుడిచేయి అతివేగంగా, అత్యంత మృదువుగా నీటి వణుకును పలికిస్తుండగా దానికింద ఎడమచేతిలో ఆమె పాట మొదలవుతుంది. మూడవ భాగంలోని మరుగుజ్జు పిశాచం రాత్రివేళ గదిలో గిరగిర తిరుగుతూ పెరిగి, ఆరిన దీపంలా అణగిపోతుంది. అందులో ఒకే మెట్టును రెప్పపాటులో పలుమార్లు మోగించాలి.

ఈ రెండింటి నడుమ ఉన్న ‘ల జిబే’ మరో రకం పరీక్ష. ఉరికొయ్యకు వేలాడే శవం, అస్తమిస్తున్న సూర్యుడు, దూరాన నగరంలో గంట. ఆ గంట ఒకే స్వరంగా మొదటినుండి తుదివరకు తొట్రుపడక మోగాలి. తొందరపడరాదు, గట్టిపడరాదు, సానుభూతి చూపరాదు. 1909 జనవరి 9న పారిస్‌లో దీనిని తొలిసారి వాయించినవాడు స్పెయిన్ దేశీయుడైన రికార్డో వినేస్. దెబుస్సీ, రవెల్ రచనలు అనేకం మొదట ఆయన చేతుల మీదుగానే లోకానికి తెలిశాయి. అంతటి మిత్రుడు కూడా, శ్రోతలు విసుగు చెందుతారనే భయంతో, రవెల్ కోరినంత నెమ్మదిగా ఆ గంటను మోగించలేదు. రవెల్ ఆ విషయంలో రాజీపడలేదు.

1914లో యుద్ధం వచ్చింది. దెబుస్సీని అప్పటికే క్యాన్సర్ వ్యాధి పీడిస్తూ ఉంది. 1915 వేసవిలో ఆయన నార్మండీ తీరంలోని పూర్వీల్ గ్రామంలో పన్నెండు ‘ఎత్యూడ్’లను, అనగా అభ్యాస రచనలను, వేగంగా పూర్తిచేసి షోపెన్ స్మృతికి అంకితమిచ్చాడు. ఏ స్వరానికి ఏ వేలు వాడాలో సూచించడం అభ్యాస గ్రంథాల ఆచారం. దెబుస్సీ ఆ అంకెలను కావాలనే విడిచిపెట్టాడు. ఎవరి చేతికి తగిన వేళ్ళను వారే వెదుక్కోవాలని పీఠికలో చమత్కారంగా విన్నవించాడు. ఆ ఏడాది డిసెంబరులో ఆయనకు శస్త్రచికిత్స జరిగింది.

1917 వేసవిలో సాఁ-జాఁ-ద-లూజ్ పట్టణంలో ఆయన దగ్గర ఆ రచనలను అధ్యయనం చేయడానికి మార్గరీత్ లోంగ్ అనే విదుషీమణి వచ్చింది. ఆమె భర్త జోసెఫ్ ద మర్లియావ్ సంగీత విద్వాంసుడు, సైనికాధికారి. 1914 ఆగస్టులోనే యుద్ధంలో మరణించాడు. వ్యాధితో కృశించిన గురువు, దుఃఖంలో మునిగిన శిష్యురాలు కలిసి పెడల్‌ను ఎంత వదలాలి, వేలును ఎంత బరువుతో దించాలి అనే సంగతులను పరిశీలించారు. మరుసటి సంవత్సరం మార్చి 25న, జర్మన్ ఫిరంగులు పారిస్‌పై గుండ్లు కురిపిస్తున్న రోజులలో, దెబుస్సీ కన్నుమూశాడు.

రవెల్ సన్నని దేహం, పొట్టి ఆకారం చూసి సైన్యం మొదట ఆయనను తిరస్కరించింది. ఆయన పట్టుబట్టి చేరి, 1916లో వెర్డన్ రణరంగం సమీపంలో లారీ నడిపాడు. 1914లో ప్రారంభించి 1917లో ముగించిన ఆయన పియానో రచన పేరు ‘ల తోంబో ద కూపరఁ’. పూర్వపు ఫ్రెంచి సంగీతంలో ‘తోంబో’ అంటే దివంగతుల స్మృతికి కట్టిన నాదసమాధి. ఇందులోని ఆరు భాగాలనూ రవెల్ యుద్ధంలో చనిపోయిన మిత్రులకు అంకితమిచ్చాడు. వాటిలో ఒకటి ఇద్దరు అన్నదమ్ములకు. అయినా ఆ సంగీతంలో విలాపం లేదు. పాతకాలపు నృత్యాల లయలు, తేటనీటి వంటి స్వరాలు ఉన్నాయి. చివరిదైన ‘టొకాటా’ అత్యంత కఠినమైనది. ఒకే స్వరాన్ని రెండు చేతులూ పంచుకొని దడదడలాడించే ఆరంభం నుండి, ఊపిరి తీసుకోనివ్వకుండా అది తుదికి పరుగెత్తుతుంది. ఆ భాగం జోసెఫ్ ద మర్లియావ్ పేర ఉంది.

1919 ఏప్రిల్ 11న పారిస్‌లోని గవో సభామందిరంలో ఆరు భాగాలనూ తొలిసారి వాయించినది మార్గరీత్ లోంగ్.